వాసన చూసి ముట్టుకునేవాడు

లోకంలో నోటితో బతికేవాళ్లున్నారు, చేతులతో బతికేవాళ్లున్నారు. ముక్కుతో బతికేవాళ్లే తక్కువ. రేవుల్లో టీ ఆకును గుప్పెట్లోకి తీసి, వాసన చూసి ధర కట్టేవాళ్లుంటారు. అత్తరు కలిపేవాళ్ల సంగతి సరేసరి. ఆ కోవలోకి సీసం కరిగించి తీగలు అతికించే సోల్డరింగ్ పనివాడు కూడా వస్తాడంటే ఎవరూ నమ్మరు గానీ, ఆ వీధిలో అతన్ని అందరూ ముక్కన్న అనే పిలిచేవారు.

బొమ్మ విమానాలు, రిమోట్ కార్లు నడిపే సరదారాయుళ్ల బ్యాటరీల తీగలకు ప్లగ్గుల్లాంటి కనెక్టర్లు అతికించడం అతని పని. చూడ్డానికి సబ్బుబిళ్లంతే ఉన్నా ఆ బ్యాటరీకి కోపమెక్కువ. ఎర్ర తీగ కొసా నల్ల తీగ కొసా ఒకదానికొకటి తగిలాయంటే నిప్పులు కక్కుతుంది. అందుకే ముక్కన్న రెండింటినీ ఒకేసారి కత్తిరించడు. ఒకటి కోసి, స్లీవ్ అనే ప్లాస్టిక్ గొట్టం ఎక్కించి, సీసం పట్టించి, కనెక్టర్‌కు అతికించి, చల్లారాక స్లీవ్‌తో మూసి, అప్పుడు గానీ రెండోదాని జోలికి పోడు. లోహం తగిలినా ప్రమాదమేనని పనికి కూర్చునే ముందు వేలి ఉంగరం తీసి గూట్లో పెడతాడు. బల్ల కింద ఇసుక బకెట్ ఉంటుంది. వీటన్నిటికంటే ముందు బ్యాటరీని ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. లోపలి మందు కారుతుంటే ముగ్గిపోయిన పండులా తియ్యటి వాసనొస్తుంది. అది తగిలిందా, బ్యాటరీ వచ్చిన దారినే పోవాల్సిందే.

అలాంటి ముక్కును మొన్నటి జ్వరం పట్టుకుపోయింది. ఒళ్లు చల్లబడింది, వాసన మాత్రం తిరిగిరాలేదు. సీసం పొగ ముఖానికి కొట్టినా గాలి తగిలినట్టే ఉండేది. ముక్కన్నకు ముక్కు పనిచెయ్యదంటే గడప తొక్కేదెవరు? ఎవరికీ చెప్పలేదు. బ్యాటరీని మామూలుగానే ముక్కు దగ్గర పెట్టుకుని, ఉబ్బిందేమోనని వేళ్లతో నొక్కి చూసి, "బాగుంది" అనేవాడు.

ఆ రోజు పొద్దున్నే బావమరిది వచ్చాడు. విమానాల పిచ్చోడు.

"ఏం బావా, అంతసేపు పసిగడుతున్నావ్? మా అక్కని చూడ్డానికొచ్చినప్పుడు ఈ ముక్కేమైంది?"

"అప్పుడు జలుబు చేసిందిరా. లేకపోతే నీకు బావనయ్యే ఖర్మ నాకెందుకు?"

నవ్వుకుంటూనే పని ముగించి, బ్యాటరీ చేతిలో పెట్టి పంపాడు.

కాసేపటికి, కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్లిన భార్య తిరిగొచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటండీ ఈ వాసన? పండేదో కుళ్లినట్టు."

మూలలు వెతికి, చివరికి బల్ల మీది గుడ్డ ఎత్తి చూసింది. "ఇదిగో, ఇదే."

పొద్దున బావమరిది బ్యాటరీని పెట్టుకుని పనిచేసిన గుడ్డ అది. ముక్కన్న ఫోన్ తీశాడు. వాడేం చిన్నపిల్లాడా, తెలుసుకోడా అని ఒక మనసు. నువ్వు బాగుందన్నాక వాడెందుకు చూస్తాడని ఇంకో మనసు. ఫోన్ చేశాడు.

"ఆ బ్యాటరీ ఎక్కడుందిరా?"

"చార్జింగ్ పెట్టా బావా, లోపలి గదిలో. మెల్లగా మాట్లాడు, చంటిది పడుకుంది."

"స్విచ్ ఆపి ముందు పిల్లని ఇవతలికి తీసుకురా."

"ఇప్పుడు లేపానంటే మీ చెల్లెలు నన్ను ఉతికారేస్తుంది. నువ్వే కదా వాసన చూసి బాగుందన్నావ్? ఆటపట్టిస్తున్నావా?"

భార్య గుడ్డ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. దాచుకోవడానికి ఇక చోటు లేదు.

"నాకు వాసన తెలీదురా. జ్వరమొచ్చినప్పట్నుంచీ తెలీదు. పొద్దున ఊరికే ముక్కు దగ్గర పెట్టుకున్నా. పరిగెత్తు!"

అవతల ఫోన్ ఠక్కుమని బల్ల మీద పడింది. అడుగుల చప్పుడు. తర్వాత పిల్ల గుక్కపట్టిన ఏడుపు. ఆ ఏడుపు ఎంతసేపు వినిపిస్తే అంత మేలనిపించింది అతనికి.

"మేడమీద ఇసుకలో పెట్టా," చాలాసేపటికి అన్నాడు బావమరిది. "ఒక పక్క దిండులా ఉబ్బింది." ఎప్పుడూ ఏదో ఒక చురక అంటించందే ఫోన్ పెట్టనివాడు ఈసారి ఉత్తినే పెట్టేశాడు.

మధ్యాహ్నం ఒక పాత గిరాకీ బ్యాటరీ చాచాడు. ముక్కన్న అందుకోలేదు. "నువ్వే వాసన చూడు తమ్ముడూ, తియ్యగా ఉందేమో. నాకు తెలీడం లేదు."

అతను హాస్యమనుకుని నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగింది. బ్యాటరీ సంచిలో వేసుకుని, "సాయంత్రం వస్తాలే అన్నా," అని వెళ్లాడు. సాయంత్రం దాటినా రాలేదు. కాగి కాగి నల్లబడ్డ సోల్డరింగ్ ఐరన్‌ను ముక్కన్న ఆపేశాడు.

అన్నం వడ్డిస్తూ భార్య అడిగింది.

"మరి రోజూ కూర ఘుమఘుమలాడిపోతోందన్నారే?"

కలిపిన ముద్దనే అతను మళ్లీ కలుపుతూ కూర్చున్నాడు.