ఇంక రాని చుట్ట

మా ఆయన త్రినాథరావు గారు ముప్పయ్యారేళ్లు గూడ్సు బండికి గార్డుగా చేసి, రిటైరయ్యాక ఒక చుట్టకి కాపలా కాశారు. మామూలు చుట్ట అంటే ఊరుకోరు. క్యూబా సిగార్! ఓ పెద్దాఫీసరు బిలాస్‌పూర్ బంగళా ఖాళీ చేస్తూ ఇచ్చిపోయాడు. ఆ రకం తయారీ ఎప్పుడో ఆపేశారట. ఆ సంగతి ఫోన్లో చదివింది మొదలు ఈయన కాళ్లు నేలమీద లేవు.

అది ఎండిపోకుండా దానికో గాజు డబ్బా, అందులో తడి స్పాంజి, తేమ చూడ్డానికి మీటరు. మే నెలలో బిలాస్‌పూర్‌లో మా తోర్వా పేటంతా నీళ్లకి అల్లాడుతుంటే నా స్నానానికి అరబకెట్టు, చుట్టకి ఫిల్టరు నీళ్లు! రోజూ వాసన చూడ్డమే తప్ప వెలిగించింది లేదు. ఇలాంటివాళ్లకి ఒక సంఘం ఉందట. చేర్చుకోవాలంటే వాళ్ల మనిషొచ్చి సరుకు చూడాలి. నాగపూర్ నుంచి రాజేంద్ర గారు ఆదివారం వస్తున్నారని ఈయన కొత్త చొక్కా కుట్టించుకున్నారు.

మా అత్త బుజ్జమ్మకి ఎనభై రెండేళ్లు. ఆ కాలపు బొబ్బిలి ఆడవాళ్లలాగే అడ్డపొగ అలవాటు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. చుట్టలు చుట్టి పంపే తమ్ముడు అప్పలకొండ నాలుగేళ్ల కిందట పోయాడు. అప్పట్నుంచి బజారు చుట్టలే, తిట్టుకుంటూ కాలుస్తుంది. శనివారం అవి నిండుకున్నాయి. తెమ్మని మూడుసార్లు చెప్పినా ఈయనకి చొక్కా గొడవలో గుర్తులేదు.

ఆదివారం రాజేంద్ర గారు భూతద్దంతో సహా దిగారు. ఈయన గొప్పగా డబ్బా తెరిస్తే అందులో స్పాంజి ఒక్కటే ఉంది. పెరటి గుమ్మంలోంచి పొగ వస్తోంది.

పరుగెత్తి చూస్తే అత్త కూచుని ఉంది. నిప్పు నోట్లో, సిగార్‌కి చుట్టిన బంగారు రంగు కాగితప్పట్టీ బయట.

"అమ్మా! ఏటి సేసీసినావే!" అంటూ ఈయన కూలబడ్డారు.

"సుట్టే కదరా. సప్పగా ఉంది."

వెనకే వచ్చిన రాజేంద్ర గారి దగ్గర అలాంటివి పదకొండున్నాయట, ఒక్కటీ రుచి చూడలేదట. "ఇంకా ఎలా ఉందమ్మా?" అని రెండుసార్లు అడిగారు, పాపం.

ఈయనకి ఒళ్లు మండిపోయింది. అత్త పక్కనున్న సత్తు డబ్బా లాగి తెరిచారు. గుడ్డలో చుట్టిన చుట్ట ఒకటుంది, వెలిగించనిది, ఎండి బీటలు వారింది.

"నీ కాడ ఉందికదే! ఇది కాల్సుకోలేకపోయేవా?"

"ముట్టుకోకు!" అత్త డబ్బా వెనక్కి లాక్కుంది. "అది నా తమ్ముడు సుట్టింది. మరి రాదురా."

ఈయన లేచి, గాజు డబ్బా కడిగి, స్పాంజి తడిపి తెచ్చి తల్లి ముందు పెట్టారు.

"తేమ మరీ ఎక్కువైపోకూడదే, అమ్మా" అన్నారు.