అమ్మ చూసిన నా లాక్రాస్ ఫైనల్

మాది భోగాపురం దగ్గర సముద్రంలో చేపలు పట్టుకునే కుటుంబం. శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతూ లాక్రాస్ ఆడేదాన్ని. చిన్న వల బిగించిన కర్రతో బంతిని పట్టి గోల్‌లోకి విసిరే ఆట అది. మిడ్‌ఫీల్డర్‌ని కాబట్టి మైదానమంతా నేనే పరిగెత్తాలి.

కాలేజీల ఫైనల్ చూడటానికి అమ్మ మొదటిసారి వచ్చింది. స్కోరు సమంగా ఉంది. ఆఖరి నిమిషంలో బంతితో దూసుకెళ్తుంటే ఎవరి కర్రో తగిలి బోర్లా పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, బంతి పక్కకు దొర్లింది. ఇక అయిపోయిందనుకున్నాను.

"లెగే పిల్లా! ఏటి సూస్తన్నావు, పరిగెట్టు!" అని అమ్మ కేక వినిపించింది.

లేచి బంతిని అందుకుని, ఇద్దరిని తప్పించి విసిరాను. గోల్! ఉత్తమ క్రీడాకారిణి కప్పు కూడా నాకే ఇచ్చారు.

బస్సులో ఊరు చేరేదాకా అమ్మ ఆ కప్పును ఒళ్లోంచి దించలేదు. తర్వాత రాష్ట్ర జట్టుకు కెప్టెన్‌నయ్యాను. అయినా ఆ ప్రయాణంలో కలిగినంత సంతోషం మళ్లీ ఎప్పుడూ కలగలేదు.