శుక్రవారం పెట్టిన నూనె

భివండీలో శుక్రవారం మరమగ్గాలకు, మా మాటలో సాంచాలకు, సెలవు. ఆ రోజు మా అన్న తన సాంచాకు దూది దులిపి, నూనె పెట్టి వచ్చేవాడు. ఏళ్ల తరబడి విన్న సాంచాల చప్పుడు చివరికి అతని చెవులు తినేసింది. ఇప్పుడు కనేరి పేటలోని మా ఒంటిగది ఖోలీలో నా పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటాడు. విసుగొస్తే కళ్లు మూసుకుంటాడు, ఇక నేనెంత వాగినా దండగే.

అతనికి మిగిలిన ఒక్క తోడు, ఒకప్పుడు పక్క సాంచా నడిపి సూరత్ వెళ్లిపోయిన దోస్తు. వీడియో ఫోనులో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఏం చెయ్యాలో తోచక పెట్టేసేవారు. చేతిలో పని లేకపోతే వాళ్లకు మాట రాదు. నేను పనిచేసే మాన్కోలి గోదాములో తీసేసిన పాత కంప్యూటర్ తెచ్చి, నెట్‌లో కలిసి ఆడే లారీల ఆట పెట్టించాక ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఒకే రోడ్డు మీద చెరో లారీ. మాట వినబడని షెడ్డులో ఒకసారి చెయ్యెత్తితే పోగు తెగింది, ఆగు అని. రెండుసార్లెత్తితే కండె మీది నూలు అయిపోయింది, రా అని. అవే సైగలు ఆటలో హెడ్‌లైట్లతో చేసుకునేవారు. అన్న నవ్వగా మళ్లీ అప్పుడే చూశాను.

ఒక శుక్రవారం ఆట కొత్త వెర్షన్ ఎక్కించుకోమని తెర మీద అడిగింది. అన్న వెంటనే నొక్కేశాడు.

"శుక్రారం గదా, దీనికి గూడ నూనె పెడుతున్న," అని మురిశాడు. నూనె పెడితే ఆగిపోయే యంత్రాన్ని అతను జన్మలో చూడలేదు.

ఆట మళ్లీ తెరుచుకోలేదు. గైబీ నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే తెలుగాయన దగ్గరికి మోసుకెళ్లాం.

"లోపల బొమ్మలు చూపే కార్డు ఖరాబ్ కాలే. ఆట తయారుచేసెటోళ్లు బొమ్మలు గీసే పద్ధతే మార్చిండ్రు, ఈ పాత కార్డుకు అది రాదు. కొత్త కార్డు పెట్టాలంటే కంప్యూటర్ డబ్బా మొత్తం మార్చాలె. పాత ఆటనే మళ్ల ఎక్కిస్త గని, కొత్త ఆట ఎక్కించుకున్నోళ్లతోని కలువదు. ఒక్కడే నడుపుకోవాలె," అన్నాడాయన.

అన్నకు పెదవులతో చెప్పాను. "ఖరాబ్ కాకుంటే ఎందుకు నడుస్తలేదే?" అని నన్నే అడిగాడు. అతని సాంచా మా తాత నాటిది. ఏ సామాను అరిగినా పక్క సాంచాది తెచ్చి బిగిస్తే నడిచేది. ఏదీ అరగకుండానే పనికిరాకుండా పోవడం అంటే ఏమని చెప్పను? డబ్బా మార్చే తాహతు మాకు లేదు. ఆ పద్ధతి మార్చినవాళ్లెవరో తెలియకపోయినా నాకు ఒళ్లు మండింది. ఎవరిని తిట్టాలో తెలియని కోపం ఏడుపులోకే దిగుతుంది.

మర్నాడు సూరత్ నుంచి దోస్తు ఫోను. "చెల్లె, మీ అన్న రాలేదేంది? లైట్లేసుకొని రోడ్డు మీదనే నిలబడ్డ నిన్న."

ఆయన మాటలే పెదవులతో అన్నకు చెప్పాను.

"నా కోసం ఆగొద్దని చెప్పు. బండి తీస్కొని పొమ్మను," అన్నాడు అన్న.

చెప్పాను. అవతల ఆయన షెడ్డులో సాంచాల చప్పుడు. వినబడలేదన్నాడాయన. అన్న నా మొహంలోకి చూస్తుండగానే మళ్లీ చెప్పాను, ఈసారి అరిచి.