గంజి తాగిన టమాట చెట్లు

1969, ఎండాకాలం. ఆదివారం. ఉన్నవాళ్లు: మా తాతయ్య, పక్కింటి ఖాలా, నేను, నాలుగు టమాట చెట్లు.

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో రాసుకున్న మొట్టమొదటి పేజీ ఇలా మొదలవుతుంది. చెట్లను ఉన్నవాళ్లలో ఎందుకు చేర్చానో ఇప్పుడు చెప్పలేను. ఆ పేజీ పుట్టింది మాత్రం వాటి కోసమే.

ఆ ఏడు తెలంగాణ ఉద్యమం నడుస్తోంది. సిరిసిల్లలో మా బడి మూతపడి చాలా రోజులైంది. బందుల వల్ల కూరగాయల బండ్లు సరిగా వచ్చేవి కావు. ఇంటి వెనక జాగాలో నేను పెంచుకుంటున్న నాలుగు చెట్లేమో పూత పూసినట్టే పూసి, కాయ కట్టకుండా రాల్చేస్తున్నాయి. పొద్దున లేచి చూసేసరికే ఆకులు వేలాడుతూ ఉండేవి.

మా తాతయ్య మగ్గం దిగి వచ్చి, నిలబడే ఓసారి చూశాడు.

"ఎండకు మాడినయి బిడ్డా. రేపు పీకేసి తోటకూర గింజలు చల్లుత. కూరకన్న అయితది."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. వారం రోజులుగా మేము పచ్చిపులుసుతోనే తింటున్నాం. కానీ ఆ చెట్లు నావి. నాకు ఏడుపొచ్చింది.

గోడ అవతల బీడీలు చుడుతున్న, నేను పిన్ని వరసతో ఖాలా అని పిలిచే ఆమె ఈ మాట విని, చాట పక్కన పెట్టి వచ్చింది. ఆమె వాకిట్లో పాత డబ్బాల్లో పెంచే పుదీనా, మిరప ఎండాకాలమంతా పచ్చగానే ఉండేవి.

"ఏందన్నా, పాణమున్నదో లేదో చూడకుండనే పాడె కడుతున్నవా?"

"నీ వైద్యం నువ్వు చెయ్యి చెల్లె. పొద్దుగూకేదాంక టైమిస్తున్న" అని తాతయ్య నవ్వుతూ మగ్గం మీదికి వెళ్లిపోయాడు.

ఖాలా తొందరపడలేదు. ఆకులు తిరగేసి చూసింది, పురుగు లేదు. కాడను గోటితో గీరింది, లోపల పచ్చగానే ఉంది. "మిట్టమధ్యాహ్నం తల వాలిస్తే ఫికర్ లేదు బేటీ. పొద్దుగాల గూడ వాలిందంటే దానికి దూప అయితున్నట్టు" అన్నది. రోజూ నీళ్లు పోస్తున్నానని గట్టిగా చెప్పాను. "ఏదీ, పొయ్యి" అన్నది.

చెంబెడు నీళ్లు పోశాను. అవి మట్టిలోకి దిగలేదు. చెట్టు మొదలు దగ్గరే కాసేపు నిలిచి, ఓ పక్కకు జారి గోడ వైపు పోయాయి. ఖాలా వేలు గుచ్చితే దిగలేదు. గోటితో లేపితే మట్టి అప్పడంలా పెచ్చుగా లేచింది. దాని కింద అంతా పొడి దుమ్మే.

"ఏం పోసినవ్?"

"నీళ్లే."

ఆమె నా ముఖంలోకి చూసింది. "నోటితోని చెప్పకులే. ఎట్లాగూ బడి లేదు, అక్షరాలు మర్చిపోతవ్. కాయితం మీద రాయి. చెట్లు ఏం జేసినయో తర్వాత. ముందుగాల నువ్వేం జేసినవో రాయి" అన్నది.

రాశాను. మగ్గం మీద నిలువుగా వేసే పడుగు నూలుకు పట్టించగా మిగిలిన గంజిని ఎనిమిది రోజులుగా ఎవరూ చూడకుండా చెట్లకు పోస్తున్నానని రాశాను. గంజి తాగిన నూలు ఎంత గట్టిపడుతుందో పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని. చెట్లకూ అంత బలం వస్తుందనుకున్నాను. ఆ గంజి మా బర్రెకు పోయవలసింది. అందుకే దాచాను.

కాగితం తీసుకెళ్లి తాతయ్య చేతిలో పెట్టాను.

"అద్దాలు యాడనో పెట్టిన. నువ్వే సదువు" అన్నాడు. అద్దాలు ఆయన నుదుటి మీదే ఉన్నాయి.

చెవులు కాలుతుండగా చదివాను. గుమ్మంలో నిలబడ్డ ఖాలా నవ్వాపుకోలేక, "అరె వా! గంజి పెట్టుడు అయింది. ఇగ మగ్గానికి ఎక్కిచ్చుడే తక్కువ!" అన్నది. తాతయ్య ఆమె చేతిలోని మట్టి పెచ్చును తీసుకుని వేళ్ల మధ్య విరిచి చూశాడు. "నా పడుగుకు గూడ గింత మంచిగ పట్టలేదు గదనే" అన్నాడు. ఆయన నన్ను తిట్టింది అంతే.

ముగ్గురం కలిసి ఆ పెచ్చులన్నీ లేపేశాం. మట్టి గుల్ల చేసి, నీళ్లు కొద్దికొద్దిగా ఇంకేదాకా పోశాం. తడి ఆరకుండా మొదళ్లలో గడ్డి పరిచాం. పడమటి ఎండ తగలకుండా తాతయ్య పాత ధోవతిని రెండు కర్రలకు కట్టాం.

మరునాడు పొద్దున చెట్లు తలలెత్తి ఉన్నాయి. కింద మాత్రం ఐదు పూలు రాలి ఉన్నాయి. ఒక్కటీ రాలదని నేను ఆశపడ్డాను.

"ఐదని రాయి" అన్నాడు తాతయ్య, నా వెనకే వచ్చి.

రాశాను.

"నేను జేసింది గూడ రాయి. తాత వంగి చూడకుండనే పీకుత అన్నడని."

ఆ తర్వాత కోరుట్లలో ఉద్యోగం చేసిన రోజుల్లోనూ, ఇప్పుడూ, ఏ పని చెడినా నా డైరీలో మొదటి వాక్యం నేనేం చేశానన్నదే. అది రాయడం ఈనాటికీ కష్టంగానే ఉంటుంది. అప్పుడు ఆ పాత పేజీ తీసి చూసుకుంటాను. తాతయ్య తప్పును నేను రాసిన వాక్యంలో అక్షరాలు మిగతా వాటికన్నా గుండ్రంగా ఉంటాయి. అది రాస్తున్నంతసేపూ ఆయన అద్దాలు కిందికి దించుకొని, వంగి, నా అక్షరాలు చూస్తూనే ఉన్నాడు.