బయోడేటాలో ఎక్కని అనుభవం

ఆ రోజుల్లో చదువున్నవాడికి ఒక్కటే చింత, ఉద్యోగం. సగం చదువువాడికి రెండు: ఉద్యోగం, ఆ సగాన్ని కాగితం మీద ఎలా చూపించాలన్నది. నేను తొమ్మిదో తరగతి మధ్యలోనే హైస్కూలుకి నమస్కారం పెట్టి వచ్చేసినవాణ్ణి. (హైస్కూలే నాకు పెట్టిందని మా అక్క అంటుంది. ఇద్దరం పెట్టుకున్నాం లెండి.) అంబాజీపేటలో ఓ కొబ్బరికాయల షావుకారుగారికి లారీలకి కాయలు ఎక్కించే చోట మనిషి కావాలనీ, బయోడేటా పట్టుకు రమ్మన్నారనీ మా బావగారు కబురు తెచ్చేరు. ఈ పని రాకపోతే పెదనాన్నగారి బియ్యం మిల్లుకి పంపేస్తానని నాన్న తేల్చేశారు. ఊక దుమ్ము తలుచుకుంటేనే నాకు తుమ్ములు.

అమలాపురంలో టైపు మాస్టారు మిషన్‌లోకి కాగితం ఎక్కించి, అనుభవం దగ్గర ఏం కొట్టాలని అడిగారు. హైస్కూలు సంగతి రాయిస్తే ఎందుకు మానేశావంటారు. రాయించకపోతే ఇన్నాళ్లూ ఏం చేశావంటారు. కూర్చోలేక వీధిలోకి వెళ్లొచ్చి రాయమన్నాను. కాలవ గట్టుదాకా వెళ్లి, పరుగున వచ్చి తీసెయ్యమన్నాను. సోడా తాగి మళ్లీ రాయమన్నాను.

"తమరు ఓచోట కూర్చుంటే గాని నా రిబ్బను మిగలదండి," అన్నారాయన.

చివరికి హైస్కూలే నెగ్గింది: క్లాసు లీడరు, వార్షికోత్సవ నాటకానికి తెర లాగుట, ఆటల పోటీల్లో మైకు పట్టుట. (లీడరు నేను కాదు, నా పక్కవాడు. పక్కనే కదా అని.)

కోనసీమలో ఇలాంటి గొప్పలు రాయించే ముందు ఎవరి అరుగు ఎవరి అరుగుని ఆనుకుని ఉందో కనుక్కోవాలి. నేను కనుక్కోలేదు. షావుకారుగారు కాగితం ఆసాంతం చదివి, పక్కింటి అరుగు వైపు కేకేసి, "మాస్టారూ, ఈ అబ్బాయి మీ స్కూల్లో లీడరంటండి. ఓపాలి చూసి చెబుదురూ," అన్నారు. లుంగీ మీద, కాఫీ గ్లాసుతో నడిచొచ్చినాయన మా డ్రిల్లు మాస్టారు. వెంట వచ్చిన బావగారు నన్ను చూడ్డం మానేసి కొబ్బరికాయల రాశిని చూడసాగారు. నాకు మిల్లు కళ్లముందు కనపడి తుమ్మొచ్చింది.

"లీడరేటండీ బాబూ, వీడు క్లాసులో ఉంటే గదా. ఏ పీరియడైనా గుమ్మం బయటే. ఎండలో నిలబెడితే సాయంత్రందాకా అలాగే నిలబడి, వచ్చేపోయే వాళ్లందరితోనూ కబుర్లాడేవోడు."

షావుకారుగారు కాగితం మడిచి నా చేతిలో పెట్టేశారు. నేను వెనక్కి తిరిగాను.

"సాయంత్రందాకా నిలబడేవోడాండి?" అని నా వెనక షావుకారుగారు మాస్టార్ని అడిగారు.

"ఆయ్. అందులో వీడికి సాటి ఎవడూ లేడండి."

"అయితే రేపట్నుంచి రమ్మనండి. మొన్న పెట్టుకున్న పదో క్లాసు పాసైన కుర్రాడు పదింటికల్లా నీడ వెతుక్కుంటన్నాడు."

మర్నాటి నుంచి ఎండలో నిలబడి, ఒకటికి బదులు లాభమని మొదలెట్టి "లాభం, రెండు, మూడు" అంటూ కాయలు లెక్కపెట్టించాను, లారీ డ్రైవర్లతో కబుర్లాడాను. జీవితం అలాగే గడిచిపోయింది, బాగానే గడిచింది. కానీ ఇప్పటికీ ఏ బడి ముందు నుంచి వెళ్తున్నా, గుమ్మం బయట ఎవరైనా నిలబడ్డారేమోనని కళ్లు వెతుకుతాయి. ఆ రోజుల్లో మా క్లాసు గుమ్మం బయట నిలబడ్డ ఆ కుర్రాడు ఒక్కసారి "లోపలికి రానా మాస్టారండీ" అని అడిగుంటే, రమ్మనేవారేమో. పాపం, కబుర్లలో పడి అడగడం మరిచిపోయాడు.