గాలి లేచేదాకా చేపల పులుసు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. అంటే అననీ. ఆ కోపమే లేకపోతే ఈపాటికి నా కారు ఎవరికో అమ్ముడుపోయేది, నేను బస్సు కోసం ఎండలో నిలబడి ఉండేదాన్ని.

మేం అల్లూరులో ఉంటాం. మా ఆయన కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటులో పని చేస్తాడు, పొద్దున్నే కంపెనీ బస్సెక్కి వెళ్ళిపోతాడు. నేను సముద్రం వైపు ఒక ఊళ్ళో, హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ఆ ఊరికి బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అందుకే నలభై దాటాక పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుని, నా జీతంతో కారు కొనుక్కున్నాను. ముందు ఏదైనా అడ్డం వస్తే కెమెరాతో చూసి తనంతట తానే బ్రేకు వేసే రకం అది. గేదెలూ మేకలూ రోడ్డు తమ సొంతమనుకునే మా వైపు అలాంటిది ఉండాలని ఏరికోరి తీసుకున్నాను.

కొత్తలో అంతా బాగానే ఉంది. ఎండలు మొదలయ్యాక ఒక సాయంత్రం, బడి నుంచి వస్తుంటే, రొయ్యల గుంటల మధ్య మలుపులో కారు ఉన్నట్టుండి కీచుమని ఆగిపోయింది. ముందు పురుగు కూడా లేదు. ఏ కొంగో అడ్డం వచ్చి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను. కానీ కొన్నాళ్ళకు అదే మలుపులో మళ్ళీ ఆగింది. ఈసారి వెనకాలే మోపెడ్ మీద వస్తున్న చేపలమ్మే అక్క నేరుగా నా కారును గుద్దుకుంది. బుట్ట ఎగిరిపోయి రోడ్డంతా చేపలు. ఆమె మణికట్టు విరిగింది.

నేను పరుగున వెళ్ళి లేవదీయబోతే నొప్పితో వణుకుతూనే విరుచుకుపడింది.

"కండ్లు నెత్తికెక్కినాయా మే? నడిరోడ్డున ఊరికే బ్రేకు కొడతారా? తోలను రాకుంటే ఇంట్లో కూర్చోక, రోడ్డు మీదికి ఎందుకొచ్చినావు?"

"నేను తొక్కలేదక్కా. అదే ఆగింది."

"అదే ఆగిందంట! చెయ్యి విరగ్గొట్టి కతలు చెప్తా ఉండావా?"

ఆటో పిలిచి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నేను చెప్పింది ఆమే కాదు, ఎవరూ నమ్మలేదు. బడిలో పిల్లలు చాటుగా నన్ను బ్రేకు టీచర్ అనడం మొదలుపెట్టారు. చర్చిలో పక్క బెంచీవాళ్ళు కూడా, వయసు మీద పడ్డాక ఈ సాహసాలెందుకమ్మా అని జాలిపడ్డారు. తిట్టినా పడతాను గానీ జాలిపడితే నాకు ఒళ్ళు మండిపోతుంది.

కారును నెల్లూరు షోరూమ్‌కి తీసుకెళ్ళాం. వాళ్ళు పొద్దున పూట హైవే మీద తిప్పుకొచ్చి, అంతా సరిగ్గానే ఉందన్నారు. మేనేజరు మా ఆయన వైపు తిరిగి, "మేడమ్ కంగారులో బ్రేకు తొక్కేసి ఉంటారు సార్. కొత్త కదా!" అన్నాడు. ఆ మేడమ్‌నైన నేను అక్కడే, అతని ఎదురుగా నిలబడి ఉన్నాను. "అంతగా భయమైతే ఆ సౌకర్యం ఆపేసుకోండి, మీట ఉంది" అని నాకో ఉచిత సలహా కూడా ఇచ్చాడు. నేను ఆపేసుకుంటాను సరే, ఇదే కారు కొన్న మిగతావాళ్ళ మాటేమిటని అడిగితే ఒక నవ్వు నవ్వి ఊరుకున్నాడు.

ఇంటికొచ్చాక మా ఆయన తాళాలు తన బీరువాలో పెట్టేశాడు.

"కొన్నాళ్ళు బండి పక్కనపెడదాం. నీ మీద నమ్మకం లేక కాదు" అన్నాడు.

"మరెందుకు?"

ఆయన బీరువాకు తాళం వేసి స్నానానికి వెళ్ళిపోయాడు. మేనేజరు మాటకు కోపం వచ్చింది గానీ, దీనికి ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి కూడా, నేను బ్రేకు తొక్కానో లేదో నాకే తెలియదనుకున్నాడు.

మళ్ళీ బస్సే గతయింది. ఒక సాయంత్రం ఉండబట్టలేక ఆ మలుపు దగ్గర దిగిపోయాను. ఏముంది అక్కడ? రోడ్డు నేరుగా గుంట గట్టు దాకా వెళ్ళి పక్కకు తిరుగుతుంది. కొంగలు వాలి రొయ్యల్ని తినకుండా గుంట మీద అడ్డంగా మెరిసే రిబ్బన్లు కట్టి ఉన్నాయి, ఆ వేసవిలోనే కొత్తగా కట్టినవి. సముద్రపు గాలికి అవి పటపటా కొట్టుకుంటూ, పైకి లేస్తూ, తళతళా మెరుస్తున్నాయి. చూస్తూ చూస్తూ ఉండగా నాకు తట్టింది. మలుపు తిరిగే ముందు క్షణంలో కారు కెమెరా చూసేది రోడ్డును కాదు, వీటిని! ఇవి మెరుస్తూ లేస్తే ఏదో అడ్డం వచ్చిందనుకుంటోంది. మర్నాడు పొద్దున బస్సు కిటికీలోంచి చూశాను. గాలి లేదు, రిబ్బన్లు సోలిపోయి వేలాడుతున్నాయి. కారు పొద్దున ఒక్కసారి కూడా ఎందుకు ఆగలేదో, షోరూమ్‌వాళ్ళకు ఏమీ ఎందుకు కనబడలేదో అర్థమైంది.

ఇక కంపెనీవాళ్ళను ఊపిరి తీసుకోనివ్వలేదు. నా ఫోన్లు పడలేక చివరికి చెన్నై నుంచి ఒక ఇంజనీరును పంపారు. మధ్యాహ్నం దాటాకే రమ్మని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. సాయంత్రం రైలు అందుకోవాలని ఆయన పొద్దున్నే దిగాడు, వెంట ఆ మేనేజరు. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న మా ఆయన తాళాలు తీసి ఇంజనీరు చేతిలో పెట్టాడు. ఆ మలుపులో ఎన్ని సార్లు తిప్పినా కారు బుద్ధిగా నడిచింది. మేనేజరు ముఖం వెలిగిపోయింది. ఇంజనీరు మర్యాదగా, "ఇంక బయల్దేరతా మేడమ్" అన్నాడు.

గాలి లేవడానికి ఇంకా చాలా సేపుంది. మనిషిని ఎలా ఆపాలి?

"మా ఇంటికొచ్చి అన్నం తినకుండా పోతారా? పొద్దున్నే మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టినాను" అన్నాను.

ఆయన అడుగు ఆగింది. "నాది సూళ్లూరుపేటే మేడమ్. పులుసంటే ఎట్ట కాదంటాను?" అన్నాడు.

పెట్టాను. కొసరి కొసరి పెట్టాను. మళ్ళీ అన్నం, మళ్ళీ ముక్క, పెరుగు, ఆపైన అరటిపండు. తిన్నాక కాస్త నడుం వాల్చమని మంచం వేయించి, ఫ్యాను పెట్టాను. మేనేజరు గడియారం చూసుకుంటూనే రెండోసారి పులుసు వేయించుకున్నాడు. నేను మాత్రం కిటికీ దగ్గర నిలబడి కొబ్బరాకుల్నే చూస్తున్నాను. చివరికి ఆకులు కదిలాయి. కాసేపటికి బాగా ఊగాయి. "లేవండి సార్, స్టేషనుకు పోయే ముందు ఒక్క రౌండు" అన్నాను.

ఇంజనీరు స్టీరింగు దగ్గర, మేనేజరు పక్కన, మేమిద్దరం వెనక. ఒకసారి మా బడి ఉన్న ఊరి దాకా వెళ్ళి వెనక్కి తిరిగాం. మలుపు దగ్గరికొచ్చేసరికి రిబ్బన్లు పూనకం వచ్చినట్టు ఊగుతున్నాయి. కారు కీచుమని ఆగింది! మేనేజరు చేతిలో ఫోను ఎగిరి అద్దానికి తగిలింది. అందరం సీటు బెల్టులకు వేలాడాం.

మేనేజరు వంగి కాళ్ళ దగ్గర ఫోను వెతుక్కుంటున్నాడు.

"ఎవరు తొక్కినారండీ బ్రేకు?" అన్నాను. "సారు కంగారులో తొక్కేసి ఉంటారు. కొత్త కదా!"

ఇంజనీరు పగలబడి నవ్వాడు. మేనేజరుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని, "తప్పు నాదే" అన్నాడు. నేను గెలిచాను! కారు దిగి ఆ గట్టు మీద గంతులేయాలనిపించింది, టీచర్నని ఆగాను. ఇంజనీరు మాత్రం రైలు సంగతి మరిచిపోయి, వెలుతురు ఉన్నంతసేపూ ఆ మలుపులో తిప్పుతూ వీడియోలు తీసుకుంటూనే ఉన్నాడు.

కొన్ని నెలలకు కంపెనీ ఆ రకం కార్లన్నింటినీ వెనక్కి పిలిపించింది. కెమెరా నడిపే సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని ఒప్పుకుని, ఉచితంగా మార్చి ఇచ్చింది. సంగతి సముద్రం ఒడ్డు దాకా పాకింది.

బాగుచేసిన కారు తీసుకుని బడికి వెళ్ళిన మొదటి రోజు, సాయంత్రం గేటు దాటగానే చేపలమ్మే అక్క చెయ్యెత్తింది. కట్టు విప్పేశారు గానీ మోపెడ్ తోలేంత బలం ఆ చేతికి ఇంకా రాలేదట.

"అల్లూరు దాకా ఎక్కించుకుంటావా టీచరమ్మా?"

ముందు సీట్లో కూర్చుని, నీళ్ళు కారే బుట్టను ఒళ్ళో పెట్టుకుంది. కారంతా చేపల వాసన. గాలి జోరుగా ఉంది. మలుపు కనబడగానే కారు నెమ్మది చేశాను. ఆమె రిబ్బన్ల వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"ఇంత నిదానమేంది మే? బిరీన పోనీ, చేపలు చెడిపోతాయి."

నేను యాక్సిలరేటరు తొక్కాను.