రంగు లేని పసుపు

నిన్న పొద్దున ఆర్మూర్ మార్కెట్లో నడుస్తుంటే ఒక వ్యాపారి నా పక్కనే పసుపు కొమ్మును టక్కున విరిచాడు. విరిగిన చోటి నుంచి ఘాటైన వాసన వచ్చింది. అంతే, గంగాధర్ సార్ గుర్తుకొచ్చారు. బస్టాండు దగ్గర ఆయన ఫొటో స్టూడియోలో నేను ఎనిమిదేళ్లు పనిచేశాను. సార్ పోయి రెండేళ్లవుతోంది. ఆ చప్పుడు వినపడితే చాలు, నా చెయ్యి ఇప్పటికీ కెమెరా మీదకు పోతుంది.

మాది ఏర్గట్ల. పసుపు, మక్కజొన్న పండించే ఇల్లు. స్టూడియోలో చేరినప్పుడు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. చీకటి ముఖాలకు వెలుగు తెచ్చేదాన్ని, వెలిసిన చీరలకు రంగెక్కించేదాన్ని. ఆ పనితనం మీద నాకు పొగరు కూడా ఉండేది. కానీ కెమెరా పట్టుకుని పెళ్లికి పోతే మాత్రం, "ఎడిటింగ్ పిల్ల వచ్చింది సరే, ఫొటోలు తీసెటోళ్లేరి?" అనేవాళ్లు. ఆ మాటకు ఒళ్లు మండేది. నిజం చెప్పాలంటే వాళ్ల తప్పేమీ లేదు. తర్వాత ఎలాగంటే అలా మార్చుకునే వీలుంటుందని 'రా' (RAW) ఫైళ్లలో వేలకు వేలు తీసేదాన్ని. చూసి తీసినవి పది కూడా ఉండేవి కావు.

ఒకరోజు సార్ నా కెమెరా తీసుకుని, 'రా' ఆపేసి, నలుపు తెలుపు పెట్టి చేతికిచ్చారు. "రోజుకు ముప్పై ఫొటోలు. కంప్యూటర్ ముట్టొద్దు" అన్నారు.

"పసుపు పండే ఊర్ల రంగు లేకుంట ఫొటోలేంది సార్?" అని నవ్వాను. ఆ నవ్వు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. మార్కెట్లో తీసిన పసుపు రాశులన్నీ మట్టికుప్పల్లా వచ్చాయి. సార్ మరునాడు నన్ను మార్కెట్‌కు తీసుకుపోయి, బేరమాడుతున్న ఒకతన్ని చూపించారు. "జూడు బిడ్డా. రంగుదేముంది, పైన ఎవ్వడన్న పూస్తడు. గందుకే కొమ్ము ఇరిసి జూస్తుండు."

అప్పటి నుంచి వెలుగు పక్కగా పడేదాకా ఆగడం నేర్చుకున్నాను. కొమ్ముల మీది గీతలు, హమాలీ మెడ మీది చెమట, గోనెసంచి నేత ఒక్కొక్కటిగా కనపడసాగాయి.

నెల తర్వాత ఒక పసుపు సావుకారి ఇంట్లో కూతురి పెళ్లి. పసుపు దంచుడు రోజున సార్‌కు జ్వరం వచ్చి నేనొక్కదాన్నే పోయాను. సావుకారి తల్లి లక్ష్మవ్వ రోకలితో మొదటి పోటు వేసింది. ఆడవాళ్లు పాట అందుకున్నారు. ఏటవాలు ఎండలో పసుపు లేస్తుంటే ఒళ్లు మరచి తీశాను, వెనక తెర వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మా పాత కెమెరాలో కన్నుపెట్టి చూస్తే అన్నీ రంగుల్లోనే కనపడతాయి. స్టూడియోకు వచ్చి కంప్యూటర్లో కార్డు పెట్టాకే తెలిసింది. కెమెరా నలుపు తెలుపులోనే ఉండిపోయింది. పసుపు దంచుడు ఫొటోల్లో పసుపు లేదు, 'రా' ఆపేశాం కాబట్టి రంగును వెనక్కి తెచ్చే దారీ లేదు.

భయంతో కంప్యూటర్లో ఒక్కో ఫొటోకూ పసుపు పూయడం మొదలుపెట్టాను. సార్ శాలువా కప్పుకుని వచ్చి నా వెనక నిలబడ్డారు.

"బంద్ చెయ్యి. ఉన్నయి ఉన్నట్టు ప్రింట్లు తియ్యి. పోయి చెప్పుదాం."

"నా పని పోతది సార్."

"చెప్పకుంటె పోతది."

ప్రింట్లు చూసి సావుకారి మండిపడ్డాడు. "శుభమా అని పెండ్లి జేస్తుంటె మా ఇంట్ల పసుపును బూడిద జేస్తివా?"

"రంగుల్లకు మార్చుడు మర్చిపోయిన సావుకారీ. తప్పు నాదే" అన్నాను. సార్ ఏదో ఒకటి చెప్పి నన్ను గట్టెక్కిస్తారని ఆశగా చూశాను.

"అవు, తప్పు గీ పిల్లదే" అన్నారు సార్ నింపాదిగా. "ఫొటో గూడ గీ పిల్లదే. కొమ్ము ఇరిసి జూసెటోళ్లు మీరు, జర గిది గూడ మంచిగ జూడుండ్రి."

ఈలోపు లక్ష్మవ్వ ఒక ఫొటో లాక్కుంది. "ఓ కొడకా, రోట్లకెళ్లి పసుపు ఎట్ల లేస్తుందో జూడు! నాకైతె వాసన గూడ వస్తుంది. నా బోసినవ్వు గూడ పట్టింది గీ పిల్ల!" అని ఇల్లంతా వినపడేలా నవ్వింది. సావుకారి ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూశాడు. తిరిగి వచ్చేసరికి కోపం సగం దిగింది.

"దీన్ని దుకాణంల పెట్టెటంత పెద్దగ జేసియ్యి. పెండ్లికి గూడ నువ్వే రావాలె. కని గప్పుడు రంగు యాదికుంచుకో!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు నన్ను ఎవరూ ఎడిటింగ్ పిల్ల అనలేదు. దారిలో సార్ జ్వరం సంగతి మరచి రెండు చాయ్‌లు తాగారు.

ఆ ఫొటో ఇప్పటికీ సావుకారి దుకాణంలో, కింద నా పేరుతో వేలాడుతోంది. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పసుపు దంచుడుకు "గా నలుపు తెలుపుల" తీయమని నన్నే పిలుస్తున్నారు. నేను ఇప్పటికీ 'రా' ఆపేసే తీస్తాను. నొక్కే ముందు నన్ను నేను ఒక్కటే అడుగుతాను, బాగున్నా బాగా లేకున్నా ఇది నాదేనని నలుగురిలో చెప్పగలనా అని.

నిన్న మార్కెట్లో ఆ వ్యాపారి ఇంకో కొమ్ము చేతిలోకి తీసుకున్నాడు. చెప్పగలననిపించింది. అతను విరిచాడు, నేను నొక్కాను.